ఇన్‌స్ట్రక్షన్స్ ప్రకారం లిఫ్టు ఆగి ఉంది

పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధమైనా ఆడని మనిషిని చూడాలని మీకెప్పుడైనా అనిపించిందా? అయితే కొండలూ కోనలూ పట్టి తిరగక్కర్లేదు. దగ్గర్లో ఉన్న కోర్టుకి వెళ్లండి. గవర్నమెంటు ప్లీడరు ఏ బల్ల దగ్గర నిలబడతాడో అడగండి. ఆ వెనక బెంచీ మీద కూర్చుని కళ్లారా చూసి తరించండి!

నవ్వకండి. నేను తూచి మాట్లాడే మనిషిని.

అబద్ధం ఆడాలంటే ముందు నిజం తెలిసుండాలి కదా? గవర్నమెంటు ప్లీడరుకి ఏమీ తెలియదు. తెలియకూడదు కూడా. ఆయన దగ్గర ఉండేవి ఇన్‌స్ట్రక్షన్స్. కోర్టులో ఇలా చెప్పండి అని పై ఆఫీసు వాళ్లు రాసి పంపుతారు. ఆయన లేచి, గొంతు సవరించుకుని, "నాకున్న ఇన్‌స్ట్రక్షన్స్ ప్రకారం" అని మొదలుపెట్టి అది అప్పజెబుతాడు. తప్పయితే ఆ తప్పు ఆయనది కాదు, రాసి పంపినవాడిది. రాసినవాణ్ణి నిలదీస్తే, కింది ఆఫీసు వాడు చెప్పాడంటాడు. ఆ కింది ఆఫీసు వాడు బదిలీ మీద ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు. ఇన్ని చేతులు మారినా ఒక్కరి చేతికీ మసి అంటదు. ఎంత శుభ్రమైన ఏర్పాటు!

మామూలు లాయర్ల బతుకు చూడండి, పాపం. కక్షిదారుడు వెనకే కాచుకుని ఉంటాడు. కోటు పట్టుకు లాగుతాడు. "అలా కాదండీ, ఆవేళ వాన పడలేదండీ" అని చెవిలో గొణుగుతాడు. అటు జడ్జిగారు, ఇటు వీడు. మరి ప్రభుత్వం ఎప్పుడైనా కోర్టుకొచ్చి ప్లీడరు కోటు లాగిందా? దానికి చెయ్యుంటే కదా లాగడానికి!

ఈ ఒక్క మాటతో ఎన్ని కష్టాలు గట్టెక్కాయో లెక్కలేదు. బడి కప్పు కారుతోందని తల్లిదండ్రులు కేసు వేశారు. ఇన్‌స్ట్రక్షన్స్ ప్రకారం కప్పుకి చిల్లు లేదు, పిల్లలు సరదాపడి క్లాసులో గొడుగులు వేసుకుంటున్నారు. కుళాయిలో నీళ్లు రావట్లేదని ఒక వీధి వీధంతా కోర్టుకెక్కింది. ఇన్‌స్ట్రక్షన్స్ ప్రకారం నీళ్లు వస్తూనే ఉన్నాయి, వీధివాళ్లు చూడని సమయంలో వస్తున్నాయి. ఒకాయన తన ఉద్యోగం తనకివ్వమని కేసు వేస్తే, ఆ మనిషి ఆచూకీ దొరకలేదని చెప్పారు. ఆయన వెనక బెంచీలోంచి చెయ్యెత్తి చూపిస్తూనే ఉన్నాడు. దించమన్నారు. ఇన్‌స్ట్రక్షన్స్ ముందు చెయ్యెంత?

ఇవన్నీ నీకెలా తెలుసయ్యా అంటారా? మా అల్లుడు గవర్నమెంటు ప్లీడరు.

ఆ పోస్టు వచ్చిన కొత్తలో ఇంట్లో మా అమ్మాయి కాస్త ఇబ్బంది పడిన మాట నిజమే. ఏమండీ, పొయ్యి కట్టేశారా అని అడిగితే, "నాకున్న ఇన్‌స్ట్రక్షన్స్ ప్రకారం కట్టేసే ఉంది" అనేవాడు. గిన్నె అడుగంటి మాడు వాసన కొడుతుంటే, దాని మీద వివరాలు తెప్పించుకుని చెబుతాననేవాడు. పెళ్లిరోజు మరిచిపోయారేమండీ అంటే వాయిదా అడిగాడు. అమ్మాయి నాకు ఫోన్ చేసి మొరపెట్టుకుంది. పిచ్చిదానా, పోట్లాట లేని కాపురం ఎంతమందికి దొరుకుతుందే అని సర్ది చెప్పాను. తప్పా చెప్పండి?

ఇంత నిక్షేపంలాంటి మనిషిని ఒక లిఫ్టు పాడు చేసింది.

మా అల్లుడు పనిచేసే కోర్టు పాతకాలపు మేడ. అందులో ఒక ముసలి లిఫ్టు. చేత్తో లాగి వెయ్యాల్సిన మడతల ఇనప తలుపు, లోపల ఒక మూల స్టూలు, ఆ స్టూలు మీద ఒకావిడ. ఆవిడ అసలు పేరు ఎవరూ పలకరు. లిఫ్టమ్మ అంటారు. నోరు మంచిది కాదు. బొజ్జ లాయర్లు ఇద్దరు ఒకేసారి వస్తే ఒకణ్ణి దింపేసేది. "ఒక్కొక్కళ్లే రండి బాబూ, ఇది లిఫ్టు, లారీ కాదు" అనేది. జడ్జిగారి గుమాస్తా కూడా ఆవిడ ముందు పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడేవాడు. తలుపు పట్టేస్తోందనీ, లిఫ్టు మధ్యలో కుదుపులు పెడుతోందనీ కనబడినప్పుడల్లా భవనాల ఆఫీసరుతో చెప్పేది. ఆయన కనబడటం మానేశాడు.

ఒక ఉదయం లిఫ్టులో మా అల్లుడూ లిఫ్టమ్మా ఇద్దరే ఉన్నారు. ఏదో కేసులో చెప్పాల్సింది నెమరేసుకుంటూ పైకి చూస్తున్నాడు అతను. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య లిఫ్టు ఒక్క ఎగురు ఎగిరింది. సగం పడిన తలుపు విసురుగా మూసుకుంది. లిఫ్టమ్మ కుడిచెయ్యి ఆ మడతల్లో ఇరుక్కుంది.

ఆవిడ అరవలేదట. అదే తనని భయపెట్టిందని తర్వాత అమ్మాయితో అన్నాడు. చేతిలో ఉన్న ఫైలు కింద పారేసి, గోడకి కాలు తన్ని పెట్టి, బలమంతా పెట్టి తలుపు లాగాడు. చెయ్యి బయటికొచ్చింది గాని చూపుడు వేలూ మధ్య వేలూ ఇక పనికిరావని చూడగానే తెలిసిపోయింది. లాయర్లు మెడలో కట్టుకునే తెల్లటి బ్యాండు ఊడబెరికి ఆ చేతికి గట్టిగా చుట్టాడు. అటెండర్లు పైన చక్రం తిప్పి లిఫ్టుని కిందికి దించేదాకా ఆ చేతిని పైకెత్తి పట్టుకునే నిలబడ్డాడు. ఆవిణ్ణి ఆసుపత్రి బండి ఎక్కించి, మెడలో బ్యాండు లేకుండా కోర్టు హాల్లోకి వెళ్లి, పద్ధతి లేదని జడ్జిగారితో చీవాట్లు తిన్నాడు. సాయంత్రం ఇంటికొస్తే మా అమ్మాయి కోటు చెయ్యి సబ్బు పెట్టి రుద్ది రుద్ది ఉతికింది.

ఇక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది! ఆగలేదు.

లిఫ్టమ్మని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ రోజు ఆవిడ పనికే రాలేదన్నారు. ఎక్కడో చెయ్యి నలగ్గొట్టుకుని లిఫ్టు మీదికి తోసేస్తోందన్నారు. ఆవిడ కోర్టుకెక్కింది. అడిగింది పెద్దదేం కాదు. ఆ రోజు నేను పనిలోనే ఉన్నానని ఒప్పుకోండి, ఈ చేతికి వైద్యం చేయించండి, కూర్చుని చేసే పని ఏదన్నా ఇవ్వండి అంది.

ఆ ఫైలు తిరిగి తిరిగి ఎవరి బల్ల మీదికొచ్చిందో మీరే ఊహించుకోండి!

అల్లుడు ఫైలు విప్పాడు. ఇన్‌స్ట్రక్షన్స్ ఎంత నున్నగా ఉన్నాయంటే వేలు పెట్టడానికి సందు లేదు. సదరు తేదీన లిఫ్టు మరమ్మతు నిమిత్తం ఆపివేయబడి ఉన్నది. ఆగి ఉన్న లిఫ్టులో ప్రమాదం జరుగుటకు అవకాశం లేదు. కావున ప్రమాదం జరగలేదు. మరి చక్రం తిప్పిన అటెండర్లో? వాళ్లూ గవర్నమెంటు మనుషులే, వాళ్లకీ ఇన్‌స్ట్రక్షన్స్ అందాయి. ఆసుపత్రి వాళ్లు చెయ్యి నలిగిందని రాశారు గాని, ఎక్కడ నలిగిందో వాళ్లకేం తెలుసు?

ఈ కేసు ఇంకొకరికి ఇవ్వండని మా అల్లుడు తన పైనున్న పెద్ద ప్లీడరు దగ్గరికెళ్లి నసిగాడు. ఎందుకు అని ఆయన అడిగాడు. నేను అప్పుడు లిఫ్టులో ఉన్నానండీ అన్నాడు. ఆయన లేచి వెళ్లి తలుపు మూసొచ్చి, నిదానంగా నచ్చజెప్పాడట. నువ్వు వదిలేస్తే ఎందుకు వదిలేశావని అడుగుతారు, అడిగితే చెప్పాల్సొస్తుంది, కాబట్టి వదలకు అన్నాడట. అనుభవం అంటే అదీ!

వాయిదా రోజు నేను కూడా వెళ్లాను. అల్లుడి వైభవం చూద్దామనే వెళ్లాను, మరొకందుకు కాదు. లిఫ్టు దగ్గర తాడు కట్టి ఉంది. మెట్లెక్కి ఆయాసపడుతూ వెనక బెంచీ చేరుకున్నాను. లిఫ్టమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. కుడిచెయ్యి కొంగు కింద దాచుకుంది. పక్కన ఆవిడ తరఫు లాయరు, జలుబు మనిషి, మాట మాటకీ ముక్కు తుడుచుకుంటున్నాడు.

మా అల్లుడు లేచాడు. ఇన్‌స్ట్రక్షన్స్ ప్రకారం లిఫ్టు ఆగి ఉందని చెప్పాడు. గొంతు మామూలుకన్నా సన్నగా వచ్చింది. రాత్రి సరిగా నిద్రపోయి ఉండడు.

జడ్జిగారు లిఫ్టమ్మ వైపు తిరిగి, ఆ సమయంలో నీతో ఇంకెవరన్నా ఉన్నారా అమ్మా అని అడిగారు.

"ఒక లాయరు బాబు ఉన్నాడయ్యా."

ఎవరో చెప్పమన్నారు. జలుబు లాయరు కూడా చెప్పమ్మా, చెప్పమ్మా అని మోచేత్తో పొడిచాడు. ఆయనక్కూడా ఆవిడ అప్పటిదాకా చెప్పలేదని అప్పుడు తెలిసింది నాకు.

"ఆ బాబుకి నోరుంది కదయ్యా," అంది లిఫ్టమ్మ. "ఆయనే చెబుతాడు."

మా అల్లుడి వైపు ఆవిడ కన్నెత్తి కూడా చూడలేదు. చూసి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేదేమో.

జడ్జిగారు ఇటు తిరిగారు. "ప్లీడరుగారూ, ఆ లాయరు ఎవరో మీవాళ్లకేమన్నా తెలుసా?"

అతను బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఇన్‌స్ట్రక్షన్స్ తీసుకుని చెబుతానయ్యా."

పాఠకులారా! ఇక్కడ ఒక్క క్షణం ఆగి చప్పట్లు కొట్టండి. మీరూ నేనూ అయితే ఏం చేస్తాం? ఫలానా ఉదయం ఎక్కడున్నావురా అంటే ఠక్కున నోరు జారి చెప్పేస్తాం. తాను లిఫ్టులో ఉన్నాడో లేడో ఆఫీసుని కనుక్కుని చెబుతానన్నవాణ్ణి చూశారా ఎక్కడైనా? మనిషి తన ఒంటిని కూడా ప్రభుత్వానికి అప్పజెప్పడం అంటే ఇదే! జడ్జిగారు వాయిదా ఇచ్చారు.

మాటంటే మాటే. మర్నాడే మా అల్లుడు భవనాల ఆఫీసరు గదికి వెళ్లాడు. నేను లిఫ్టులో ఉన్నానా లేదా అని అడిగాడు. ఆఫీసరు కళ్లద్దాలు తుడుచుకుని, సావధానంగా ఆలోచించాడు. లిఫ్టు ఆగి ఉంది కనక మీరు ఉండే అవకాశం లేదు అన్నాడు. నా చేత్తోనే ఆవిడ చెయ్యి లాగానండీ అన్నాడు మా అల్లుడు. "అది మీ వ్యక్తిగతం," అన్నాడు ఆఫీసరు. మీరు లేరని రాసిమ్మంటారా అని కూడా అడిగాడు, పాపం, సాయం చేసే గుణం ఉన్నవాడు. రాసిచ్చాడు.

లేడని రాసి ఉన్న ఆ కాయితం ముక్క జేబులో పెట్టుకుని అతను మెట్లు దిగుతుంటే, మలుపులో లిఫ్టమ్మ కూర్చుని ఆయాసం తీర్చుకుంటోంది. జలుబు లాయరు కోసం వచ్చిందట. తప్పుకుని పోదామనుకున్నాడు. మెట్లు ఇరుకు. బాగున్నావా అమ్మా అన్నాడు, ఇంకేమనాలో తోచక.

"చెయ్యి నొప్పెడుతోంది బాబూ," అంది. "మీ కాయితం ప్రకారం నొప్పెట్టకూడదంట కదా. నేనూ దానికి చెబుతున్నాను, వినిపించుకోవట్లేదు. నువ్వు చదువుకున్నోడివి, నువ్వోసారి చెప్పి చూడు."

ఈ మాటలు అల్లుడు నాతో చెప్పలేదు. అమ్మాయితో చెప్పాడు, అమ్మాయి నాతో చెప్పింది. అది కూడా నవ్వుతూనే మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వాయిదా ముందు రోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అల్లుడు కంచం ముందు కూర్చుని, అన్నం కలిపి, కలిపి, వదిలేశాడు. నేను సాక్షిని కాదు, ప్లీడరుని, ఎవరి తరఫున నిలబడ్డానో వాళ్ల మాటే చెప్పాలి, ఈ పోస్టు పోతే మళ్లీ రాదు అని ఏవేవో వరసగా చెప్పుకుపోయాడు. ఎవరూ అడగలేదు. అమ్మాయి కోటు ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"ఈ కోటు చెయ్యి ఉతికింది నేనండీ. నన్ను కూడా సాక్ష్యానికి పిలుస్తారా, లేకపోతే దానికీ ఇన్‌స్ట్రక్షన్స్ తెప్పిస్తారా?"

అతను నా వైపు చూశాడు. పెద్దవాణ్ణి కదా, ఏదో ఒకటి అంటానని. నేను కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాను. మధ్యలో నాకెందుకు చెప్పండి?

మర్నాడు హాలు నిండిపోయింది. లిఫ్టులో ఉన్న లాయరు ఎవరా అని లాయర్లంతా వచ్చారు. ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. పెద్ద ప్లీడరు కూడా వచ్చి, మా అల్లుడికి బాగా దగ్గరగా కూర్చున్నాడు. జడ్జిగారు కేసు పిలిచి, ఏమన్నా తెలిసిందా ప్లీడరుగారూ అన్నారు.

మా అల్లుడు లేచాడు. జేబులోంచి ఆఫీసరు రాసిచ్చింది తీసి, చూసి, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇన్‌స్ట్రక్షన్స్ ప్రకారం లిఫ్టు ఆగి ఉందయ్యా," అన్నాడు. "ఆ లిఫ్టులో నేనున్నాను."

జడ్జిగారు కలం కింద పెట్టారు. పెద్ద ప్లీడరు కుర్చీ దూరం జరుపుకున్న చప్పుడు వెనక బెంచీ దాకా వినబడింది. లిఫ్టు కదిలిందా లేదా అని జడ్జిగారు అడిగారు. కదిలిందయ్యా అన్నాడు. ఈవిడ పనిలో ఉందా? ఉందయ్యా. ఈ చెయ్యి ఎక్కడ నలిగింది? తలుపులోనయ్యా, నేనే లాగాను. అడిగినదానికల్లా చిన్నపిల్లాడిలా చెబుతూ పోయాడు. ఎక్కడా తడబడలేదు. అంతకుముందు అతను కోర్టులో అంత చక్కగా మాట్లాడగా నేను వినలేదు, కడుపు తరుక్కుపోయింది.

"మరి పోయిన వాయిదాలో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాల్సింది. నాదే తప్పయ్యా."

ఈ మాట చెప్పమని ఏ ఆఫీసూ రాసి పంపలేదు. నేను వాకబు చేశాను.

జడ్జిగారు ఆ తప్పుని కూడా రాసుకుంటామన్నారు. రాసుకున్నారు. లిఫ్టమ్మ ఆ రోజు పనిలోనే ఉందనీ, వైద్యం చేయించాలనీ, ఉద్యోగం ఇవ్వాలనీ తీర్పు చెప్పారు. లిఫ్టమ్మ లేచి ఎడమచేత్తో దణ్ణం పెట్టింది, జడ్జిగారికే. మా అల్లుడి పక్కనుంచి వెళుతూ, "ఆ ముక్క ముందే చెబితే నాకు ఇన్ని మెట్లు తప్పేవి కదా బాబూ," అని గొణిగి వెళ్లిపోయింది. కృతజ్ఞత లేని మనిషి!

ఫలితం మీరు ఊహించిందే. వారం తిరక్కముందే మా అల్లుడి సేవలు ఇక అవసరం లేదన్నారు. ఎందుకో చెప్పలేదు. పై నుంచి ఇన్‌స్ట్రక్షన్స్ అన్నారు.

ఇప్పుడు నా బాధ వినండి. ఈ అనర్థానికంతటికీ మూలం ఎక్కడుంది? ప్లీడరులో లేదు. పిల్లవాడు బంగారం. ప్రభుత్వం తరఫున మాట్లాడే మనిషిని పదిమందీ ఎక్కే లిఫ్టులో ఎక్కనిచ్చారు చూడండి, అక్కడుంది! అలాంటివాణ్ణి జనం తిరిగే చోట ఎందుకు తిరగనివ్వాలి? సర్కారు ఆసుపత్రి వరసలో నిలబడనివ్వకండి. జనం ఎక్కే బస్సు ఎక్కనివ్వకండి. రేపు ఆ బస్సు గోతిలో పడుతుంది. గొయ్యి లేదని చెప్పాల్సిన మనిషి అందులోంచి దుమ్ము దులుపుకుంటూ లేస్తాడు. అప్పుడు ఎవరు బాధ్యులు? కళ్లతో చూసినవాడు ఇన్‌స్ట్రక్షన్స్ చదవడానికి పనికిరాడండీ!

అదృష్టం బాగుండి, ఆ పోస్టులోకి కొత్తగా వచ్చినవాడు జాగ్రత్తపరుడు. సొంత కారు, సొంత డ్రైవరు. మా అల్లుడు ఫైళ్లు అప్పగించడానికి వెళుతుంటే మోయడానికి నేనూ వెళ్లాను. ఎర్ర నాడాలు కట్టిన కట్టలు నేల మీంచి కిటికీ దాకా పేర్చి ఉన్నాయి. కొత్త ప్లీడరు ఒక కట్ట విప్పి, ఇన్‌స్ట్రక్షన్స్ ఎక్కడున్నాయో వెతికి, అక్కడ వేలు పెట్టుకుని ఫైలు మూసేశాడు.

నాకు మనసు ఆగలేదు. "బాబూ, ఈ కట్టల్లో ఎక్కడన్నా నువ్వున్నావా?" అని అడిగాను.

అతను నవ్వాడు. "నేనెందుకుంటాను తాతగారూ?"

అమ్మయ్య! ప్రభుత్వానికి ఇక ఏ ఢోకా లేదు. కట్టల్లో ఉన్న మనుషుల సంగతంటారా? వాళ్ల లిఫ్టుల్లో వాళ్లొక్కళ్లే ఉన్నారు.